సునందక్క చెప్పని పేరు

మా ఎదురింటివాళ్లు కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్న పొద్దున గడపకు వేయాల్సిన నల్లరాతిని వాకిట్లో పడుకోబెట్టి, నీళ్లు పోస్తూ మెరుగు పెట్టడం మొదలుపెట్టారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చింది. చాలామందికి అదొక వాసనని కూడా తెలియదు. నాకు మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కాలు కదలలేదు. మా ఆయన వచ్చి స్టవ్ కట్టేసి, ఏమైందని అడిగారు. ఏమీ కాలేదన్నాను. అబద్ధం నా నోటికి అంత సులువుగా వస్తుంది. అందులో ఒక అబద్ధం గురించి రాయాలని ఏళ్ల తరబడి అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఎవరి ఎదుట ఆ అబద్ధమాడానో ఆ మనిషి ఇప్పుడు లేదు. నంద్యాలలో మా చర్చికి వచ్చే ఆడవాళ్లందరూ ఆమెను సునందక్క అనేవారు.

నాకు యాభయ్యో ఏట గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు మానాయి, బడికి పోవడం కూడా మొదలుపెట్టాను. నేను తెలుగు టీచర్ని. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడితే ఏం రాయాలో తోచేది కాదు. పిల్లలు కాసేపు చూసి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. కూతురు పెళ్లయి కర్నూలు పోయింది. మా ఆయన మంచివారే, రోజూ ఏదో ఒక పండు తెచ్చి తలగడ పక్కన పెట్టేవారు. ఆ వయసులో అందరికీ అంతేనని చుట్టాలు తేల్చేశారు. ఏడుపు వస్తే కొంత తేలికయ్యేదేమో, అదీ వచ్చేది కాదు. ఇక నాతో ఎవరికీ పని లేదన్న ఒక్క మాట మాత్రం రోజంతా తలలో తిరుగుతుండేది.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం సునందక్క వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పొట్టిగా, నల్లగా, చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకుని, వీధి చివరినుంచే వినపడే గొంతుతో ఉండేది. మా చర్చిలో బుధవారం జరిగే స్త్రీల కూడికను ఆమే నడిపేది. నాకు ఎట్లుందో అడగలేదు. మంచం పక్కనున్న పండ్లలో ఒకటి తీసుకుని తింటూ కూర్చుంది.

"రేపు శనివారం బడి లేదు గదా. ఏడు గంటలకు బస్టాండుకు రా. పాత చీర కట్టుకో" అంది.

"యాడికక్కా?"

"ఆళ్లగడ్డకు."

"ఆడేం పని నాకు?"

"పండుకుని గోడ చూస్తాండావే, దానికంటే మంచి పనే. అన్నీ అడగాకు."

ఎదురుచెప్పడానికి కావలసిన ఓపిక లేక వెళ్లాను. బస్టాండులో ఇంకో నలుగురు ఆడవాళ్లు ఉన్నారు, అందరూ నలభై దాటినవాళ్లే. ఒకరిని కోడలు పలకరించదు, ఒకరికి భర్త పోయాడు, ఒకరికి ఏ కారణమూ లేదు. బస్సులో అక్క పెట్టిన నియమం ఒకటుంది. తెలిసిన మనిషి పక్కన కూర్చోకూడదు, సొంత కష్టం ఎత్తకూడదు. "మొగుని మాట, కోడలి మాట, ఆపరేషన్ మాట ఈడ వద్దు. చేనులో శనగ ఎట్లుందో చూడండి" అని గద్దించేది. సిరివెళ్ల దాటేసరికి నా పక్కనున్న ఆమె శనగకు పట్టే పురుగు గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను విన్నాను. ఒక మనిషి మాట మొదటినుంచి చివరిదాకా వినడం నాకు ఆ రెండు నెలల్లో అదే మొదటిసారి.

ఆళ్లగడ్డలో వీరాచారి అనే శిల్పి పాక ముందు దిగాం. అక్కడ చెక్కడం మగవాళ్ల పని. చెక్కిన రాయి మొదట బూడిద రంగులో గరుకుగా ఉంటుంది. నీళ్లు పోస్తూ సానరాయితో రోజుల తరబడి రుద్దితే నలుపు తేలి మెరుస్తుంది. ఆ రుద్దుడు పనికే అక్క మమ్మల్ని తెచ్చింది. నా వంతుకు వచ్చింది ఆంజనేయుడి విగ్రహం. నేను వెనక్కి తగ్గాను. మేం తాతల నాటినుంచి క్రైస్తవులం, పైగా మా ఆయన సంఘ పెద్దల్లో ఒకరు.

నా మొహం చూసి వీరాచారి నవ్వాడు. "కండ్లు తెరిచేదాకా ఇది రాయే తల్లీ. కండ్లు ఆఖర్న తెరుస్తాం, అప్పటిదాకా మేము కూడా మొక్కం. అడ్డమనిపిస్తే పీఠం రుద్దండి, యాడైనా పనే" అన్నాడు.

సునందక్క అప్పటికే కొంగు బిగించి కూర్చుంది. "ముప్పై ఏండ్లు ఆసుపత్రిలో కాళ్లు కడిగినా. నీ దేవుడు ఎవురని ఒక్కరినన్నా అడిగిన్నా? కూచో, సుగుణా" అంది.

కూర్చున్నాను. విగ్రహం పాదాలు రుద్దడం మొదలుపెట్టాను. అక్క చెంబుతో నీళ్లు పోసేది. గంటో రెండు గంటలో గడిచాక, బొటనవేలి దగ్గర అరచేతి వెడల్పున నలుపు తేలింది. అది చూస్తుండగా కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. నేను చెయ్యి ఆపి మొహం కప్పుకోబోయాను.

"ఏడ్చు, ఎవురొద్దన్నారు? చెయ్యి మాత్రం ఆపాకు" అంది అక్క, నీళ్లు పోస్తూనే.

మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు తన సంగతి చెప్పింది. భర్త సమాధికి రాయి చేయించడానికి ఆమె మొదటిసారి ఈ పాకకు వచ్చిందట. రాయి తయారు కావడం ఆలస్యమైతే, ఊరికే కూర్చోలేక తనే సానరాయి అందుకుందట. "పదారు దినాలు రుద్దినా. పదిహేడో దినం ఇంటికి పోయి అన్నం వండుకున్నా. అంతకుముందు వండుకుంటానే లేను" అంది. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం ఆమెకు లేదు. చేతికి పని దొరికితే మనిషి లేచి నిలబడుతుందని నమ్మింది, నమ్మినట్టే చేసింది.

ఏడాదిపాటు నెలకు రెండు శనివారాలు వెళ్లాను. నా చేతిరాత బాగుంటుందని అక్క ఎట్లా కనిపెట్టిందో, ఒకరోజు ఎవరిదో సమాధి రాతి మీద సుద్దతో పేరు రాయమంది. నేను రాసిన గీతల మీదే వీరాచారి ఉలి పెట్టాడు. ఆ తర్వాత పాకలో అక్షరాల పని ఉంటే నాకోసం ఆపి ఉంచేవారు. బడిలో నా గొంతు మళ్లీ వెనక బెంచీ దాకా వినపడింది. పండ్లు తేవడం మా ఆయన మర్చిపోయారు, అంతకంటే మంచి గుర్తు లేదు. శనివారాలు ఎక్కడికి వెళ్తున్నానని అడిగితే సునందక్కతో ప్రార్థనకని చెప్పేదాన్ని.

మా చర్చిలో కష్టంనుంచి బయటపడినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. నేనూ లేచాను. ప్రార్థన వల్ల బాగయ్యానని చెప్పి కూర్చున్నాను. రాయి మాట ఎత్తలేదు, ఆళ్లగడ్డ మాట ఎత్తలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సునందక్కే. బయటికి వచ్చాక, "రాయి సంగతి మర్చిపోయినావే" అని నవ్వింది. సందర్భం రాలేదక్కా అన్నాను. సరేలే అని, వెంటనే ఇంకో మాట ఎత్తింది. మా పక్క వీధుల్లోనే ఉండే మాణిక్యమ్మ అనే ఆమెకు ఎదిగిన కొడుకు జ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. "వచ్చే శనివారం ఆ యమ్మను పిల్చుకుని పోవాల. నువ్వు పక్కన కూచో, నీకు తెలుసు గదా అదెట్లుంటాదో" అంది.

ఆ శనివారం రాలేదు. ఎవరో రోడ్డుమీద పోతూ పాకను ఫొటో తీశారు, అది ఫోన్ల మీదుగా మా సంఘానికి చేరింది. అందులో సునందక్క మొహం స్పష్టంగా ఉంది, చేతిలో సానరాయి, ఎదుట విగ్రహం. ఆమె పక్కన నీలంచీర కట్టుకున్న ఒకామె ఉంది గానీ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు నాది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. మా ఆయన వాళ్లలో ఉన్నారు. స్త్రీల కూడికనుంచి నన్నూ ఇంకొందరినీ పిలిచారు. మా పాస్టరు అయ్యగారు ఫోన్ ముందు పెట్టి, ఈ నీలంచీర ఎవరని అడిగారు. "నన్నడిగేది నన్నడగండయ్యగారూ. నేనే పోతాండా, నేనే రుద్దుతాండా. ఇంకొకరి పేరు నా కాడ లేదు" అంది సునందక్క.

అప్పుడు అయ్యగారు నావైపు తిరిగారు. "టీచరమ్మా, మీరు ఆమెతో కలిసి ప్రార్థనకు పోతుంటారు గదా. ఈ సంగతి మీకేమన్నా తెలుసా?"

ఇప్పుడైతే ఎన్నో కారణాలు చెప్పుకోగలను. మా ఆయన పరువు పోతుందనుకున్నాను, బడిలో మాట వస్తుందనుకున్నాను. అవన్నీ నిజమే. కానీ అసలు కారణం చిన్నది, అందుకే ఎక్కువ సిగ్గు. అయ్యగారు నన్ను టీచరమ్మా అని మర్యాదగా పిలిచారు. ఆ మర్యాద ఆ క్షణం నాకు తియ్యగా ఉంది, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

"నాకు తెలియదయ్యగారూ" అన్నాను.

నా మాట నిలబడకుండా పోతుందేమోనని భయపడ్డాను. దాన్ని నిలబెట్టింది సునందక్కే. "ఆ యమ్మకేం తెలుస్తాది, బడికి పోయే మనిషి" అంది. నావైపు చూడకుండా అంది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. తల ఎత్తితే మా ఆయన నన్నే చూస్తున్నారు. ఆ నీలంచీర కొనిచ్చింది ఆయనే. ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బుధవారం కూడికనుంచి ఆమెను తీసేశారు. ఆ స్థానం నాకిచ్చారు. కాదనడానికి నాకు వారం గడువు ఉంది, నేను అనలేదు. తొమ్మిదేళ్లు నడిపాను. చక్కగా నడిచింది. పాటలు బాగా పాడేవాళ్లం, హాజరు రాసేదాన్ని, పండగలకు చీరలు పంచేవాళ్లం. మాణిక్యమ్మ కొన్ని నెలలు చివరి వరసలో తల వంచుకుని కూర్చుంది. ఆ తర్వాత రావడం మానేసింది. ఆమె పేరు ఎదురుగా రాలేదని గుర్తు పెట్టి, కొన్నాళ్లకు పేరే తీసేశాను. ఆళ్లగడ్డకు అక్క ఒంటరిగా కొంతకాలం పోయిందని, మోకాళ్లు అరిగాక గోస్పాడులో తమ్ముడింటికి చేరిందని విన్నాను. వినడమే తప్ప వెళ్లలేదు.

ఆమెకు జబ్బు ముదిరిందని తెలిశాక, నేను కూడా రిటైరయ్యాక, ఒకరోజు గోస్పాడుకు వెళ్లాను. మంచంలో సగమైపోయి ఉంది. గడియారం మాత్రం చేతికుంది, మోచేతిదాకా జారుతోంది. నన్ను చూసి, "టీచరమ్మ వచ్చిందే. మరదలా, కాఫీ పెట్టు" అని అరిచింది. నేను మంచం పక్కన కింద కూర్చుని, దారిపొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. ఆ రోజు అబద్ధమాడానన్నాను, క్షమించమన్నాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"బుధవారం ఎంతమంది వస్తాండారు?" అని అడిగింది.

"ముప్పైమంది దాకా, అక్కా."

"బాగుండాది. వాళ్లలో ఏడ్చినోళ్లు ఎవురు?"

తొమ్మిదేళ్లలో నా ఎదుట ఒక్కరూ ఏడవలేదు. నా ఎదుట ఏడవవచ్చని ఎవరికీ అనిపించి ఉండదు.

"నాకేం నష్టం చేసినావు నువ్వు? నా పని అయిపోయింది, నేను బాగుపడిన మనిషిని. క్షమాపణ నా కాడ అడగాకు. నాతో రావాల్సినోళ్లు రాకపోయినారే, వాళ్లను పోయి అడుగు" అంది. కోపంగా అనలేదు. ఆసుపత్రిలో మందు ఎన్నిపూటలు వేసుకోవాలో చెప్పే గొంతుతో అంది. నెల తిరక్కుండానే పోయింది.

ఆమెను సమాధి చేసిన తర్వాతి బుధవారం నేను కూడికలో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ వీపు నాదని చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయారు. మా ఆయన పెద్దల పదవికి రాజీనామా ఇచ్చి, ఇంటికొచ్చి, "ఆ రోజే ఇచ్చుండాల్సింది" అన్నారు. నన్ను కూడికనుంచి తప్పించారు, అది న్యాయమే. ఇప్పుడు శనివారాలు ఇద్దరో ముగ్గురో నాతో ఆళ్లగడ్డ బస్సెక్కుతారు. ప్రతి ఒక్కరికీ ముందుగా నా అబద్ధం సంగతి చెబుతాను. విన్నాక రాను అంటే బలవంతపెట్టను. ఇదంతా చేస్తున్నందుకు సిగ్గు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

తగ్గకపోవడానికి కారణం మాణిక్యమ్మ. ఆమె ఇంటికి వెళ్లడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. కోడలు తలుపు తీసి, "మా అత్త ఎవురితోనూ మాట్లాడదు టీచర్. వచ్చి చేసేదేమీ లేదు" అంది. లోపల మాణిక్యమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. కాళ్ల దగ్గర కూర్చుని, నేను సుగుణను, బుధవారం కూడికలో ఉండేదాన్ని అన్నాను. చాలాసేపటికి ఆమె ఇటు తిరిగింది. నా మొహాన్ని గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. మెల్లగా అడిగింది.

"ఇన్నేండ్లు యాడుంటివి టీచరమ్మా?"

రెండు వీధుల అవతలే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.