మామ వద్దనలేకపోయిన వల

మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, అల్ ఖోబర్‌లో సరుకులకని వెళ్లి, సూపర్ మార్కెట్‌లో మంచు మీద పరిచిన సాల్మన్ చేప ముందు చాలాసేపు నిలబడిపోయాను. కొనడానికి కాదు లెండి, దాని ధరకు మాబోటివాళ్లం దూరం నుంచే దండం పెట్టాలి. అక్కడ చేపలు కోసే కడప తమ్ముడు నా వాలకం చూసి, "ఇది సముద్రమంతా తిరిగి, గుడ్లు పెట్టేదానికి మాత్రం పుట్టిన ఏటికే ఎదురెక్కి పోతాదంటన్నా," అన్నాడు. ఇది మాత్రం ఏరు ఎరగని పెంపుడు చేపేనని కూడా చెప్పాడు. ఆ తర్వాత నేను ఏం కొన్నానో నాకే గుర్తులేదు, మనసంతా మా మామ దగ్గరికి పోయింది.

మామ అంటే నాకు పిల్లనిచ్చిన మామ. జగిత్యాల దిక్కు గోదావరిలో కలిసే చిన్న వాగు ఒడ్డున ఇల్లు, చేతిలో ఎప్పుడూ వెదురు గాలం. మృగశిర కార్తెను మేం మిరుగం అంటామని, ఆనాడు చేప తినని ఇల్లు మా వైపు ఉండదని మన వయసు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆయనా తినేవాడు, కానీ అది చెరువులో పాత నీళ్ల చేప. వాగుకు కొత్త నీరు వచ్చి, గోదావరి నుంచి జెల్లలు, పరకలు, వాలుగలు గుడ్లతో ఎదురెక్కడం మొదలైందంటే మాత్రం గాలం చూరులో దోపేసేవాడు. ఊరంతా బుట్టలతో వాగులోకి ఉరుకుతుంటే ఒడ్డున కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఎందుకని అడిగినవాళ్లకు ఆయన జవాబు ఒకటే.

"పురుటికి తల్లిగారింటికి పోయే పిల్లను తొవ్వల ఆపుతరా?"

పెళ్లయిన కొత్తలో ఈ మాట విని నేనూ నవ్వాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను, అంతే.

పెళ్లయిన నెలకే ఇక్కడికి తిరిగొచ్చాను. ఎనిమిది నెలలు గడిచాక మా ఆవిడ తొలి కాన్పుకు పుట్టింట్లో ఉందని వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ కాళ్లావేళ్లా పడి నలభై రోజుల సెలవు సంపాదించాను. అత్తకు దుప్పటి, ఆవిడకు సెంటు కొన్నాక మామకేం కొనాలో తోచలేదు. గాలం వేసే మనిషికి వల ఇస్తే సంబరపడతాడు కదా అనుకుని, ఇక్కడి జాలర్ల దుకాణంలో వేలు కూడా దూరనంత సన్న కళ్ల నైలాన్ వల కొని, సామానులో సగం బరువు దానికే ఇచ్చి మోసుకుపోయాను. మామ దాన్ని ఒళ్లో పరుచుకుని, వల కంట్లో చిటికెనవేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు. చాలా గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు.

నేను వెళ్లిన వారానికే వాగు వచ్చింది. ఎప్పుడు కడదామని నేను రోజూ అడగడం, నీళ్లింకా తేటపడలేదనో మోకాలు నొస్తోందనో ఆయన తప్పించుకోవడం. సెలవు కరిగిపోతోందని నా ఆరాటం నాది. నాలుగో పొద్దున ఆయనే వల భుజాన వేసుకుని, పద అల్లుడా అన్నాడు. వాగుకు అడ్డంగా కట్టాం. మధ్యాహ్నానికి వల ఎత్తలేకపోయాం. గుడ్లతో ఉబ్బిన పెద్ద చేపల దగ్గర్నుంచి గోరంత పిల్లల దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. ఊరు ఊరే వచ్చి చూసింది, నేను మీసం మెలేశాను. ఇంట్లో మా ఆవిడ నిండు చూలాలు. ఆయన ఇంటివైపు చూసి చూసి కళ్లు తుడుచుకుంటుంటే బీడీ పొగకేమో అనుకున్నాను.

మరుసటేడు ఆ ఊరి నుంచి గల్ఫ్ వచ్చిన ప్రతివాడూ అలాంటి వలే పట్టుకెళ్లాడు. పదేళ్లు తిరిగేసరికి వాగులో ఎదురెక్కేది ఏదీ మిగల్లేదు. ఇసుక లారీలు కూడా కారణమేనని నాకు నేను నచ్చజెప్పుకుంటాను గానీ, తొలి వల నాదే.

మామ పోయి రెండేళ్లవుతోంది. చివరిచూపుకు పోదామంటే, ఇక్కడి నుంచి కదలడానికి నాకు వీసా కాగితం సమయానికి అందలేదు. మొన్న సాల్మన్ సంగతి ఫోన్‌లో చెబితే మా ఆవిడ వాళ్ల నాయన మాట ఎత్తింది. మా పాప పుట్టినప్పటి నుంచి నాయన చేప ముట్టలేదని, మిరుగం నాడు కూడా పచ్చిపులుసుతోనే తిన్నాడని అప్పుడు బయటపెట్టింది. మరి ఆరోజు నాతో ఎందుకు వద్దనలేదని అడిగాను.

"అల్లుడు అంత దూరం నుంచి మోసుకొచ్చిండు, పక్కకు పెడితే చిన్నబోతడన్నడు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

ముప్పై ఏళ్లు ఏ సెలవుకు పోయినా ఆ మనిషి నవ్వుతూనే ఎదురొచ్చాడు. నేను చిన్నబోకూడదని తన వాగునే వదులుకున్నాడు.

ఇక్కడి సముద్రంలో గుడ్లు పెట్టే నెలల్లో కొన్ని రకాలను పట్టకూడదని ఇప్పుడు ఆంక్షలున్నాయి. శుక్రవారాలు సముద్రపు ఒడ్డున కార్నిష్ మీద గాలం వేస్తాను, చిన్నవి పడితే వదిలేస్తాను. వదిలినవి మామ వాగుకు పోవు కదా. మామ ఊళ్లో ఇప్పుడు మిరుగానికి లారీలో మంచు మీద వచ్చిన పెంపుడు చేపే తింటున్నారట.

వచ్చే నెల నా ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికే. ఎవరెవరికి ఏం కావాలో మా ఆవిడ జాబితా పంపింది. మామకేం కావాలో నేను ఒక్కసారైనా అడిగి తీసుకెళ్లింది లేదు. ఈసారి అడుగుదామంటే ఆయన లేడు.