భయం లేని ఫ్యాక్టరీకి సైదులు వేసిన మార్కులు

నిన్న నాకు సెలవు. మధ్యాహ్నం సూర్యాపేటలో మా చెల్లెలి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. మిల్లు నుంచి బాయిలర్ యాదగిరి ఫోన్.

"అన్నా, సైదులు ఇగ లేడే. ఎలివేటర్ బెల్టు గుంజుకున్నది."

నేనేం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక ముందు నా చేతులు చూసుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నా, ఏడుపు కంటే ముందు భయమేసింది.

ఎందుకంటే మొన్న ఉదయం వడ్లు పైకెత్తే ఆ ఎలివేటర్ అడుగు గుంటలో, అదే బెల్టు కింద, నేను చేయి పెట్టాను.

టైపింగ్ తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. సైదులుది నేరేడుచర్ల. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్. నేనూ అక్కడే, అదే షిఫ్టు. నాది ఆంధ్రా బార్డర్‌లోని కోదాడ కాబట్టి నేను "ఏంటి" అంటే చాలు, "అబ్బో, బార్డరోడు మాట్లాడుతుండు" అని ఆటపట్టించేవాడు.

ఆదివారాలు గేమ్ రివ్యూలు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. సబ్‌స్క్రైబర్లు పట్టుమని వెయ్యి మంది లేరు. ఎడిటింగ్ నేనే చేసిపెట్టేవాణ్ణి.

ఆ మధ్య ఫ్యాక్టరీ కట్టే గేమ్ ఒకటి వచ్చింది కదా. ఆడటం ఫ్రీ. మంచి క్యారెక్టర్ కావాలంటే మాత్రం లాటరీ తీసినట్టు లాగుతూనే ఉండాలి, దాన్నే గచా అంటారు. పెద్ద రివ్యూయర్లంతా అప్పటికే తీర్పు ఇచ్చేశారు. కథ సాగదీశారు, మొదట్లో అన్నీ పాఠాలే, గచా జేబు గుల్ల చేస్తుంది, కానీ ఫ్యాక్టరీ మాత్రం అదుర్స్. అందరిదీ అదే మాట.

సైదులు ఒక్కడే రివర్స్. కథ బాగుందన్నాడు. గచా జోలికి పోకుండానే ఆడొచ్చన్నాడు. ఫ్యాక్టరీకి మాత్రం పదికి మూడు వేశాడు.

రికార్డింగ్ అప్పుడు నేను పక్కనే ఉన్నాను. గేమ్‌లో అమ్మాయి నడుస్తున్న కన్వేయర్ బెల్టు ఎక్కి హాయిగా నిలబడింది. సైదులు కుర్చీలోంచి లేచి అరిచాడు.

"ఓరి నాయనో! దిగు పిల్లా, దిగు!"

నటన కాదు. నిజంగానే నుదుటి మీద చెమట పట్టింది.

తర్వాత మైక్ దగ్గరికి జరిగాడు. "అందరు ఫ్యాక్టరీ మస్తుగున్నదంటున్నరు. మస్తుగనే ఉన్నది. గని బెల్టుకు అడ్డంగ జాలీ లేదు, ఆపేటందుకు స్విచ్చి లేదు, ఎవ్వలికి భయం లేదు. భయం లేని ఫ్యాక్టరీ ఏడుంటది? పిల్లలు గిదే నిజమనుకుంటరు."

ఆ క్లిప్ అన్ని గ్రూపుల్లోకి పాకింది. నవ్వని వాడు లేడు. "గేమ్ రివ్యూ అడిగితే ఐటీఐ క్లాసు చెప్తున్నాడు" అని ఒక కామెంట్ వచ్చింది. లైకులన్నీ దానికే.

అది రాసింది నేనే. వేరే ఐడీతో. ఊరికే, సరదాకి.

దానికి సైదులు ఎంతో మర్యాదగా రిప్లై ఇచ్చాడు. "మీరు ఏం పని చేస్తరో తెల్వదు అన్నా. ఒక్కసారి మా మిల్లుకు రాండ్రి, సూపిస్త."

అప్పుడు నేను ఆ మిల్లులోనే, వాడికి పది అడుగుల దూరంలో, ఫోన్ పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాను.

ఈ సంగతి వాడికి చెప్పలేకపోయాను. మీకు చెప్తున్నాను.

మిల్లులో వడ్లతో పాటు గడ్డి వచ్చి ఎలివేటర్ అడుగున ఇరుక్కుంటుంది. మెయిన్ స్విచ్ ఆపి తీయాలి. ఆపితే లైనంతా ఆగిపోతుంది, మళ్లీ వేగం అందుకోవడానికి చాలా టైం పడుతుంది. అందుకే నడుస్తుండగానే చేయి పెట్టి లాగేస్తాం. అందరం.

సైదులు ఒక్కడే ప్రతిసారీ మెయిన్ ఆపేవాడు. గేటు బయట వడ్ల లారీలు బారులు తీరినా సరే. సూపర్‌వైజర్ తిట్టేవాడు. మేం "పిరికి సైదులు" అని పేరు పెట్టాం.

మా నవ్వులు భరించలేకేమో, పది రోజుల కింద సైదులు ఆపడం మానేశాడు.

నేను చూశాను. నడుస్తున్న బెల్టు కింద నుంచి గడ్డి లాగేసి, నా వైపు చేయి ఊపాడు కూడా. "శభాష్ రా" అన్నాను.

ఎంత పాపిష్టి నోరు నాది!

ఈ రోజు పొద్దున నేరేడుచర్లలో మట్టి చేశాం. వాళ్ల అక్క నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"నువ్వు గూడ గాడ్నే చేస్తవా తమ్మీ?"

తల ఊపాను. ఆమె చాలాసేపు చేతులు వదల్లేదు.

తిరిగొస్తుంటే ఆటోలో ఉండగా సూపర్‌వైజర్ ఫోన్. రేపు పొద్దున లైన్ మొదలవ్వాలట. గుంటలోకి నేనే దిగాలట.

"జాలీ కట్టందే దిగను సార్."

"ఏందిర, నీకు గూడ భయమైతున్నదా?"

ఆటోలో అందరూ నన్నే చూస్తున్నారు.

"అవును సార్. చాలా భయంగా ఉంది."

"సరే తియ్. ఇంకొకణ్ణి సూసుకుంట" అని పెట్టేశాడు.

ఆ ఇంకొకడు ఎవరో నాకు తెలియదు. అందుకే ఈ పోస్ట్.

అన్నలారా, తమ్ముళ్లారా, మీలో ఎవరికి ఆ ఫోన్ వచ్చినా సరే, దండం పెడతా, మెయిన్ ఆపకుండా దిగకండి. పిరికోడంటే అననివ్వండి.

రేపు ఆరింటికల్లా నేను మిల్లు గేటు దగ్గర ఉంటాను. నన్ను లోపలికి రానివ్వకపోయినా అక్కడే నిలబడతాను. వచ్చేది ఎవరైనా, నాతో ఒక్క మాట మాట్లాడి లోపలికి పోండి.

పోయిరా సైదులూ. ఏ చప్పుడూ లేని చోట నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి తమ్ముడా.