చూడకుండా కత్తిరించిన మూల

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మోసీ మోసీ అలవాటైపోయింది, ఇక బరువు తెలియదులే అనుకున్నాను గానీ, ప్రతి వేసవిలో వీధికుళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తే చాలు, తింటున్న అన్నం వదిలేసి లేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయను. అదీ పిరికితనమే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. నేను ఎర్రగుంట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన గుమాస్తాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏ ఊళ్ళో తాగునీటి బావి ఎలా ఉందో ఊరూరా వివరాలు తీయించాలని ప్రభుత్వం పూనుకుంది. కరణాలు ఫారాలు నింపి పంపారు. అవి మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. ఎక్కడ మొదలుపెట్టాలో మా ఆఫీసర్లకు తెలియలేదు. చివరికి ఇలాంటి పనుల్లో ఆరితేరిన ఒక నిపుణుణ్ణి మద్రాసు నుంచి పిలిపించారు. ఆయన పేరు రాఘవయ్య గారనుకోండి. ఎండకు తలమీద తడిగుడ్డ వేసుకుని డేరా డేరా తిరిగేవారు.

ఆయన తెచ్చిన పద్ధతి వింతగా ఉండేది. ఊరికొక అట్టకార్డు. కార్డు అంచు చుట్టూ చిల్లులు. ఒక్కో చిల్లు ఒక్కో ప్రశ్నకు. ఊరి బావి ఎండిపోతే, టికెట్ కలెక్టరు కత్తెర లాంటి దానితో ఆ ప్రశ్నకున్న చిల్లును అంచుదాకా తెగ్గొట్టి గాటు పెట్టాలి. తర్వాత కార్డులన్నీ దొంతి పెట్టి, ఆ చిల్లులోకి దబ్బనం లాంటి పొడుగు సూది దూర్చి పైకెత్తితే, తెగిన కార్డులు కింద రాలిపోతాయి. రాలినవి నీళ్ళు లేని ఊళ్ళు. వాటి పేర్లతో పట్టీ తయారవుతుంది. పట్టీలో ఉన్న ఊరికి వెంటనే బండ్ల మీద నీళ్ళు, ఆ తర్వాత బావి పూడిక తీయడం. లేని ఊరికి ఏమీ లేదు.

ఇందులో ఒక ప్రమాదముందని ఆయన మొదటిరోజే చెప్పారు. నీళ్ళున్న ఊరి కార్డు సూదికే వేలాడుతుంది. మేమింకా ముట్టుకోని కార్డు కూడా సూదికే వేలాడుతుంది. చూస్తే రెండూ ఒకటే. అందుకని ఒక నియమం పెట్టారు. ఒకరు గాటు పెట్టాక ఇంకొకరు ఫారం పక్కన పెట్టుకుని సరిచూడాలి, చూశాకే కార్డు మూల కత్తిరించాలి. మూల తెగని కార్డును సూది గుచ్చే దొంతిలో పెట్టకూడదు. ఆ మూల కత్తిరించే పని నాది.

పత్తికొండ తాలూకా కట్ట నా బల్ల మీద ఉండిపోయింది. సోమవారానికి పట్టీ పైకి పోవాలి. అందరికంటే ముందు నేనే ముగిస్తానని ఆఫీసరు దగ్గర గొప్పలు పోయాను. కట్టలో అడుగున ఉన్న కార్డులకు అసలు గాట్లే పడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు, పదేసి కార్డులు కలిపి పట్టుకుని మూలలు తెగ్గొట్టేశాను. తర్వాత తీరిగ్గా చూసి సరిదిద్దుదాం అనుకున్నానా? అనుకున్నాననే ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. పని అయిపోయిందని సంతోషంగా వెళ్ళి అన్నం తిన్నాను.

పది రోజులకు పత్తికొండ వైపు నుంచి ఒక కరణం వచ్చాడు. యాభై దాటిన మనిషి. కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము. రాఘవయ్య గారు ఆయన్ను కూర్చోబెట్టి, ఆ ఊరి కార్డు తెప్పించి, నన్ను పిలిచారు.

"నా చేత్తో రాసిచ్చినానప్పా, బావి ఎండిపోయిందని," అన్నాడు కరణం నాతో. "మీ పట్టీలో మా ఊరు ల్యాకపాయె. నీళ్ళుండాయని మీ కార్డు చెప్తాంటే, యాడుండాయో సూపించు. పోయి తోడుకుంటాం."

రాఘవయ్య గారు కార్డు నా ముందు పెట్టారు. "ఈ మూల కత్తిరించింది నువ్వే. ఫారం చూసే కత్తిరించావా?"

"చూసినా సార్."

"నీళ్ళున్నాయనే ఉందా అందులో?"

"అట్లనే ఉండాది సార్."

కరణం నా వైపు తిరిగాడు. కోపం లేదు. "అబద్ధం చెప్పేకి నీకేం పనప్పా," అన్నాడు. "నేనే పొరపాటున రాసినానేమో."

అప్పుడైనా చెప్పొచ్చు. పొరపాటు ఆఫీసుదని తేలితే పట్టీని ఆ రోజే సవరించే అధికారం రాఘవయ్య గారికి ఉంది. కరణానిదైతే పైవాళ్ళు విచారణ జరిపించాలి. అది నాకు బాగా తెలుసు. తెలిసీ ఎందుకు నోరు పెగల్లేదు? ఉద్యోగం పోతుందనా? అంతకంటే, నన్ను నమ్మిన ఆ కరణం ముఖం ఎలా మారిపోతుందో చూడలేకపోయాను. చెప్పుకోవడానికి కూడా సిగ్గుచేటైన కారణం.

రాఘవయ్య గారు ఫారం వెతికి తెమ్మన్నారు. వెళ్ళాను. పక్క డేరాలో, పైనే దొరికింది. గుండ్రటి అక్షరాలు. చదివాను. చదివి, దాన్ని కడప జిల్లా మూటల్లో ఒకదాని నడుమ దూర్చేశాను. దొరకలేదు సార్ అన్నాను. కరణం తన నోటితో అన్న మాటే విచారణ కాగితాల్లోకి ఎక్కింది. ఆయన్ను పనిలోంచి ఆపేశారు. విచారణ ముగిసేసరికి వానలు పడ్డాయి. ఆ ఎండాకాలమంతా ఆ ఊరి ఆడవాళ్ళు పక్క ఊరి బావికి రెండు మైళ్ళు నడిచారు.

రాఘవయ్య గారు మద్రాసుకు తిరిగి వెళ్తూ నా గురించి మంచిగా రాసి ఇచ్చారు. చూడనిదే సంతకం పెట్టని మనిషి అని. ఆ కాగితంతోనే నా ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసు హైదరాబాదుకు తరలిపోయినప్పుడు నేనూ వెళ్ళాను, మూటలూ వెళ్ళాయి. తర్వాతెప్పుడో పత్తికొండ మనిషి ఒకరు కలిస్తే, ఏమీ ఎరగనట్టు అడిగాను. కరణాన్ని ఏడాదికి మళ్ళీ పనిలోకి తీసుకున్నారట. కానీ ఊరు ఊరుకోలేదు. ఆయన పోయేదాకా 'నీళ్ళుండాయన్న కరణం' అనే పిలిచారట. ఆయన ఇంట్లోవాళ్ళు కూడా ఆయనే తప్పు రాశాడని నమ్మారట. ఆయన కూడా నమ్మే పోయి ఉంటాడు.

క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్ని అడగడం లేదు. ఆ ఫారంలో ఏముందో తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే, అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను. "తాగునీటి బావి ఒకటి. పూర్తిగా ఎండినది." ఆయన సరిగ్గానే రాశాడు.