అక్క వైపు అంచు

మా తోడికోడలిని వీధిలో అందరూ బొంగరం అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడ కూడా చక్కగా పలుకుతుంది. నాకు మాత్రం అక్క. ఆ ఇంటికి పెద్దకోడలిగా నాకంటే ముందు వచ్చింది, వచ్చిన రోజు నుంచీ ఒక చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. టీ నిలబడి తాగుతుంది. ఫోను నడుస్తూ మాట్లాడుతుంది. సినిమాకి వెళ్తే నడవ పక్క సీటే కొనాలి, లేకపోతే ఆవిడ లేచినప్పుడల్లా పక్కవాళ్ళ తిట్లు నేను పడాలి. అలాంటి మనిషి పక్కన నిలబడి ఇన్నేళ్ళు పనిచేశాను. నా నడుం సంగతి నన్నడగండి, చెబుతాను.

బావగారు, అంటే ఆవిడ భర్త, వాచీలు బాగుచేస్తారు. కంటికి అద్దం తగిలించుకుని కొట్లో కూర్చున్నారంటే మెడ కూడా తిప్పరు. ఈయనకీ ఆవిడకీ ఎలా కుదిరిందిరా భగవంతుడా అని కాపురానికొచ్చిన కొత్తలో తెగ ఆశ్చర్యపోయేదాన్ని. ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ గదులన్నీ తిరుగుతుంటే ఆయన కూర్చున్న చోటు నుంచే ఆ చప్పుడు వింటూ ఉంటారు. చప్పుడు ఆగితే మాత్రం కంగారుగా తలెత్తుతారు.

మా పని ఉన్నితో. ఉన్ని అనగానే అందరూ అల్లిక సూదులు అనుకుంటారు. అక్క ఇంట్లో మేం పనిచేసే గదిలో సూదులుండవు. దువ్విన ఉన్నిని బల్లమీద పల్చగా పరుస్తాం, ఒక పొర నిలువుగా, ఇంకో పొర అడ్డంగా. పైన వలగుడ్డ కప్పి, వేడి సబ్బునీళ్ళు చల్లి, అరచేతులతో రుద్దుతాం. పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్నాక గొట్టానికి చుట్టి, మోచేతుల బరువంతా వేసి ముందుకీ వెనక్కీ దొర్లిస్తాం. దొర్లించిన కొద్దీ ఉన్ని ముడుచుకుని గట్టిపడుతుంది. దుప్పటంత పరిస్తే తువ్వాలంత మిగులుతుంది. దీన్నే ఫెల్ట్ అంటారు. పర్సులు, స్కార్ఫులు, కోటుకి గుచ్చుకునే పువ్వులు, దీపాల మీద బుట్టలు, గోడకి వేలాడదీసే పెద్ద బొమ్మలు, అన్నీ ఇందులోంచే. మధ్యలో విసుగొచ్చి ఆపేస్తే ఎందుకూ పనికిరాదు. అక్క కోసమే పుట్టిన పని.

అందరూ దొర్లించేటప్పుడు బొమ్మని అటుదిటు ఇటుదటు మారుస్తారు, బరువు సమంగా పడుతుందని. మా దగ్గర అలా కుదరదు. అక్క పెట్టిన చట్టం ఒకటుంది. ఎవరు పరిచిన సగాన్ని వాళ్ళే ఆఖరిదాకా దొర్లించాలి. ఎక్కడ మందంగా పడిందో, ఎక్కడ పల్చబడిందో పరిచిన చేతికే తెలుస్తుందట. పెద్ద బొమ్మయితే ఎడమ సగం ఆవిడది, కుడి సగం నాది. పక్కపక్కన నిలబడి ఒకే గొట్టం మీద వంగి, ఆవిడ "ఊఁ" అంటే తొయ్యాలి, మళ్ళీ "ఊఁ" అంటే లాగాలి. కాస్త వెనకబడ్డానా, "నిద్రపోతున్నావా?" అని చెవి పక్కనే అరుపు. ఎన్నిసార్లు ఆ గొట్టం అక్కడే పారేసి మా ఇంటికి పోదామనుకున్నానో!

పోయిన చలికాలంలో ఒక పొద్దున ఆవిడ ఎడమ చేతిలోంచి సబ్బు జారింది. తీసింది. మళ్ళీ జారింది. "దిక్కుమాలిన సబ్బు" అని తిట్టబోయింది, ఆ తిట్టు సగం నోట్లోనే ఉండిపోయింది. తలెత్తి చూద్దును కదా, మూతి పక్కకి పోతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి మూతి సరైంది, ఈడుస్తున్న కాలూ సరైంది. ఎడమ చెయ్యి మాత్రం అరకొరగా వచ్చింది. గ్లాసు పట్టుకుంటుంది గానీ సీసా మూత తిప్పలేదు. వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, పిసుకుతూ ఉండండి అంది. ఆ బంతి పిసుకుతూ ఇల్లంతా తిరిగేది అక్క. వంటగది, వరండా, మేడమెట్లు, మళ్ళీ వంటగది. కాలు కాలిన పిల్లి నయం. అలమారలో గిన్నెలన్నీ ఒంటి చేత్తో దించేది, మళ్ళీ ఒంటి చేత్తో సర్దేది. నేను వెళ్తే "వచ్చావా? ఏదైనా మాట్లాడు" అనేది, మాట్లాడితే వినేది కాదు. ఆ తిరుగుడు చూస్తుంటే నాకే ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది.

ఒకరోజు బావగారు మెల్లగా కదిపారు. "ఆ బల్ల తీయించేద్దాం. అక్కడ మంచం వేస్తే నీకు కాస్త ఎండ తగులుతుంది."

అక్క ఒంటికాలి మీద లేచింది. "అప్పుడే నన్ను మంచం ఎక్కించేస్తారా?"

"వేడినీళ్ళు, తడినేల. జారిపడితే? మళ్ళీ అది వస్తే?" ఆయన గొంతు పెంచే మనిషి కాదు. భయంతో అంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ బల్ల పోతే మా అక్క ఏమైపోతుందో కూడా నాకు తెలుసు.

వాదించి వాదించి ఒక మాట మీదికొచ్చారు. పిల్లల గ్రంథాలయం నడిపే ఆవిడ ఎప్పుడో అడిగిన గోడ బొమ్మ ఒకటి మిగిలి ఉంది, నీలం నీళ్ళలో తిమింగలం. అక్క సగం అక్కే చేసి, అది తిన్నగా, గట్టిగా వస్తే ఇక ఆయన నోరెత్తరు. రాకపోతే బల్ల వెళ్ళిపోతుంది. "సరే" అంది అక్క. అది వినగానే నాకా సీసా మూత గుర్తొచ్చింది.

తిమింగలం తల అక్క వైపు, తోక నా వైపు. పరచడం బాగానే సాగింది, రుద్దడమూ ఎలాగో గడిచింది. దొర్లించడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ఆవిడ కుడి చెయ్యి నొక్కుతోంది, ఎడమది ఊరికే గొట్టం మీద సవారీ చేస్తోంది. మొదటి విడత విప్పి చూస్తే నా వైపు అంచు ముడుచుకుని పొట్టిదైంది. ఆవిడ వైపు అంచు పరిచినప్పుడు ఎంతుందో అంతే ఉంది. అక్క చూసింది. "చుట్టు" అంది, అంతే.

అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. నా చేతులు వదులు చేశాను. వంగాను, ఆయాసపడ్డాను, ఆవిడ "ఊఁ"కి నేనూ "ఊఁ" కొట్టాను, బరువు మాత్రం వెయ్యలేదు. తర్వాతి విడతకి రెండంచులూ దగ్గరపడ్డాయి. ఆ తర్వాత విప్పితే ఇంచుమించు సమానమైపోయాయి.

"చూశావా?" అంది అక్క. "చెయ్యి దారికొస్తోంది." అని నవ్వింది. జబ్బుచేశాక ఆవిడ నవ్వడం చూడనేలేదు నేను. నేనూ నవ్వాను గానీ లోపల పీకుతూనే ఉంది.

బొమ్మ అయిందో లేదో తెలుసుకోడానికి ఒకటే పరీక్ష. పైపొరని రెండు వేళ్ళతో గిల్లి లాగాలి. మొత్తం గుడ్డ లేస్తే అయినట్టు, పోగులు ఊడొస్తే కానట్టు. అక్క ముందు తన వైపు గిల్లింది. పోగులు లేచాయి. అనుకున్నదే అన్నట్టు తలాడించింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగొచ్చి నా వైపు గిల్లింది. తోక మీది బూడిదరంగు ఉన్ని కుచ్చులా ఆవిడ వేళ్ళలోకి వచ్చేసింది. దాన్ని తీసుకొచ్చి నా మొహం ముందు పెట్టింది.

"నా వైపు లేచాయంటే అర్థముంది. నీ వైపెందుకు లేచాయే?"

"నీళ్ళు చల్లారిపోయాయేమో అక్కా."

"నా చెయ్యంటే పడిపోయింది. నీ చేతికేం మాయరోగం?"

నేను వలగుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టాను.

"జాలిపడ్డావా?"

"పడ్డాను! పడితే ఏం? ఈ బల్ల పోతే నువ్వేమైపోతావోనని నాకు నిద్ర పట్టట్లేదు. నీకేం, అరవడం తప్ప ఏం తెలుసు?"

"దీన్ని పిల్లలు ముట్టుకుంటారు. నాలుగు రోజులకే పీచు పీచుగా ఊడిపోతుంది. నా చెయ్యి చెడింది చాలక నా పని కూడా చెడగొడతావా?" ఆ కుచ్చుని బల్ల మీద పడేసింది. "నేను నవ్వాను కూడానే. చెయ్యి దారికొచ్చిందని నవ్వాను."

ఇంకో నాలుగు తిట్లు తిట్టినా పడేదాన్ని. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

"వేణ్ణీళ్ళు పొయ్యి" అంది. "ఈసారి నీ బలమంతా వెయ్యి. వెయ్యకపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

వేశాను. ఉక్రోషమంతా ఆ గొట్టం మీదే చూపించాను. విప్పి చూస్తే నా సగం అట్టలా బిగుసుకుంది, గిల్లితే ఒక్క పోగు లేవలేదు. కానీ తోక ఇంతే అయింది. అటు తల చూస్తే, పాపం జలుబు చేసి ఉబ్బిపోయినట్టు ఇంత లావు. ఏడవాల్సిన సమయంలో నాకు నవ్వొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే బావగారు కొట్టు మూసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వంకర తిమింగలాన్ని చూశారు. ఆయన చూపు బల్ల కాళ్ళ మీదికి దిగింది, తలుపులోంచి ఎలా పడుతుందా అన్నట్టు. అయిపోయింది అనుకున్నాను.

"నీ సగం అయింది. వెళ్ళి కూర్చో" అంది అక్క నాతో.

"అది కాదక్కా, ఇద్దరం కలిసి..."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాను. అక్క గొట్టం పక్కన పెట్టి, రుద్దడానికి గాట్లు చెక్కిన చెక్క ఒకటి దగ్గరికి లాక్కుంది. తన వైపు అంచుని దానిమీద వేసి, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా రుద్దడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి జారిపోయేది. కుడిచేత్తో దాన్ని పట్టుకొచ్చి ఉన్ని మీద పెట్టుకునేది. మళ్ళీ జారేది, మళ్ళీ పెట్టుకునేది. నేను వేళ్ళు విరుచుకుంటున్నాను, లేవబోయి కూర్చుంటున్నాను, కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. బావగారు గుమ్మం పట్టుకుని ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడుతున్నారు. ఆ గదిలో స్థిమితంగా ఉన్నది ఆవిడొక్కతే.

కిటికీలో వెలుగు తగ్గిపోయింది. నీళ్ళు చల్లారితే బావగారే వేడివి తెచ్చి పోశారు. అక్క తల తిప్పలేదు. చాలాసేపటికి బొమ్మని పరిచి, తలని తోక మీదికి మడిచింది. రెండంచులూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఒక్క మూల వేలెడు తప్ప. తన వైపు గిల్లి చూసింది. పోగు లేవలేదు.

ఇక నావల్ల కాలేదు. ఆ వేలెడూ నేను రుద్దేస్తే పోతుంది కదా అని లేచి చెయ్యి చాపాను.

ఫట్‌మని ఒక్కటేసింది నా చేతి మీద.

"అబ్బా!" చురుక్కుమంది. ఎర్రగా కందింది కూడా. "చూశారా బావగారూ, ఎలా కొట్టిందో!"

బావగారు గుమ్మం వదిలి ఒక్కడుగు లోపలికి వేశారు.

"ఏ చేత్తో?" అన్నారు.

అక్క తన ఎడమ చెయ్యి తనే ఎత్తి చూసుకుంది. సబ్బునురగ మోచేతి దాకా కారుతోంది. కాసేపు అలాగే చూసుకుని, మా ఇద్దరి వైపూ తిరిగింది.

"అలా గుడ్లప్పగించి నిలబడితే వేణ్ణీళ్ళెవరు తెస్తారు?" అంది. "ఇంకా వేలెడుంది."