నల్ల పొగ చెప్పిన రెండో మాట

వ్యాసర్పాడి రైలు కట్ట పక్కన రేకుల షెడ్డులో ఆదిమూలం తాత లారీల డీజిల్ పంపులు సరిచేస్తాడు. తాతకు గర్వపడడానికి రెండే ఉన్నాయి, మీసమూ ముక్కూ. మీసం ఎప్పుడో తెల్లబడి పలచనైపోయింది కాబట్టి ఇప్పుడు భారమంతా ముక్కు మీదే.

లారీ వస్తే అందరు మేస్త్రీల్లాగా ముందు బానెట్ ఎత్తడు. నేరుగా వెనక్కి నడిచి, సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని, "ఊఁ, తొక్కు" అంటాడు. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు. తాత పొగలో అరచెయ్యి పెట్టి, అంటిన మసిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, భుజం మీది ఎర్ర తుండుగుడ్డకు తుడుచుకుంటాడు. జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, పొడిగా ఉంటే డీజిల్ ఎక్కువైందని తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

నల్ల పొగ గురించి తాత పాఠం ఇంట్లో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. "నల్ల పొగ గుప్పుమంటే బండికి బలమొచ్చిందనుకుంటారు ఎర్రి నాయాళ్లు. బలం కాదురా అది, అజీర్తి! ఎక్కువ తాగి అరగక తేన్చతా ఉండాది. పంపు మీది డీజిల్ మర కొంచెం బిగిస్తే సరిపోతాది." అందుకే అన్నాల దగ్గర ఎవరు తేన్చినా, "పంపు బిగించండి" అని పక్కవాళ్లు నవ్వుతారు. తాత నవ్వడు. తన విద్యతో ఎకసక్కాలేమిటని మూతి ముడుచుకుంటాడు.

ఆ ఉదయం మాత్రం ఎకసక్కాలాడే ధైర్యం ఎవరికీ లేదు. షెడ్డులో నిలబడి నల్లగా కక్కుతున్నది తాత కూతురు చెంగమ్మ నీళ్ల ట్యాంకరు. మొగుడు పోయాక ఆమే స్టీరింగు పట్టుకుంది. మనలిలో ఒక ఫ్యాక్టరీకి రోజూ నీళ్లు తోలుతుంది. ఇల్లు గడిచేది దాని మీదే. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే ఎఫ్.సి., గడువు ఆ రోజుతో ఆఖరు. పొగ పరీక్షలో నెగ్గితేనే కొత్త ఎఫ్.సి. వస్తుంది. అది లేని బండిని ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. ఆ వాడుక కోసం ఇంకో ట్యాంకరు అప్పటికే గేటు బయట కాచుకుని ఉంది.

ఆయుధపూజ దాకా బండి శుభ్రంగానే ఉంది. పండగకు తాతే స్వయంగా కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసి, పైపు పెట్టి బండిని కడిగి, పసుపు కుంకుమలు పూసి, గుమ్మడికాయ కొట్టాడు. పండగ మర్నాటి నుంచే ఈ పొగ. దిష్టి తగిలిందని చెంగమ్మ అంది. డీజిల్ ఎక్కువైందని తాత అన్నాడు. మర బిగించాడు. పొగ తగ్గలేదు, లాగుడు తగ్గింది. ఇంకాస్త బిగించాడు. ట్యాంకరు గర్భిణిలా నడవసాగింది, పొగ మాత్రం అలాగే ఉంది.

అప్పుడు తప్పు ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మీదకు పోయింది. పెరంబూరులో నాజిల్ కొట్టు పెట్టుకున్న సుందర్‌రాజ్‌ను పిలిపించారు. తాతకు తమ్ముడి లెక్క, చెంగమ్మకు చిన్నాయన. అతను నాజిళ్లు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాడు. బండి తొక్కితే మళ్లీ అదే నలుపు.

"అన్నా, గాలి చూసినావా?" అన్నాడు సుందర్‌రాజ్, చేతులు తుడుచుకుంటూ.

"పండక్కి కొత్త ఫిల్టర్ ఏసినా గదా. నా చేత్తో!"

"అయినా ఒక్కసారి విప్పి చూస్తే పోయేదేముందన్నా?"

"నాకు పాఠం చెప్తా ఉండావా? నీ నాజిల్ పని చేతగాక, గాలి మీద ఏస్తా ఉండావా? పో, నీ కొట్టుకి పో!"

సుందర్‌రాజ్ పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. చెంగమ్మ తల పట్టుకుంది. "ఏం నాయనా, ఉన్న ఒక్క మనిషినీ తరిమేసినావే!"

"నువ్వు గమ్మునుండు! ముందు నా తుండుగుడ్డ యాడ పెట్టినావో చెప్పు. పండగ కాడి నుంచి అడగతా ఉండా."

"అయ్యో సామీ! ఇల్లు మునిగిపోతా ఉంటే తుండుగుడ్డ ఏంది నీకు?"

తాత అది లేక, మసి అంటిన అరచెయ్యి లుంగీకే తుడుచుకున్నాడు. ఆ మసి పొడిగా ఉంది. డీజిల్ ఎక్కువని మసి చెబుతోంది. తగ్గిస్తే తగ్గడం లేదు. ఇన్నేళ్లలో పొగ తన మాట వినకపోవడం ఇదే మొదటిసారి. పైకి కేకలేస్తున్నాడు గానీ, లోపల ఆయనకు తన మీదే అనుమానం వచ్చింది. ముక్కు పోయిందా? వేళ్లకు స్పర్శ పోయిందా? పోతే పోనీ, ఈ ఒక్క బండికైనా మిగలకూడదా!

పొగ పరీక్షకు ఖాళీ ట్యాంకుతో బయల్దేరినా, దారిలో వంతెన ఎక్కడానికే బండి ఆయాసపడింది. వెనక ఆటోలు హారన్లు మోగించాయి. ఒక ఆటోవాడు పక్కనుంచి పోతూ, "తాతా, దిగి తోయి!" అని అరిచాడు. తాత దిగి తోయడానికి కూడా సిద్ధంగానే ఉన్నాడు. చెంగమ్మ పళ్లు బిగించి మొదటి గేరులో పాకించింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి, తాత కిటికీలోంచి బయటకు చూడసాగాడు.

తనిఖీ మైదానంలో ఇన్‌స్పెక్టరు సైలెన్సర్‌లో పొగ కొలిచే యంత్రం గొట్టం దూర్చి, తొక్కమన్నాడు. చెంగమ్మ తొక్కింది. గుప్పుమని మబ్బు లేచి ఇన్‌స్పెక్టరు తెల్ల చొక్కా మీద వాలింది. ఆయన దగ్గుతూ చేత్తో వద్దని ఊపాడు. ఫెయిల్.

"అయ్యా, ఇంకొక్క చాన్సు ఈండి. దండం పెడతా" అన్నాడు తాత. జీవితంలో ఆయన పరాయివాడికి దండం పెట్టింది లేదు.

"అన్నం టైం లోపల తీసుకురా పెద్దాయనా. తర్వాత నేను చూడను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాట మెత్తగానే ఉంది, ముఖంలో మాత్రం ఆశ లేదు.

బండిని చింత చెట్టు కిందకు తీశారు. తాత మర దగ్గర స్పానరు పెట్టి ఆగిపోయాడు. ఇంకా బిగిస్తే ఇంజన్ నిలబడదు. ఇక చెయ్యడానికేమీ లేదు. చెంగమ్మ స్టీరింగు మీద తల వాల్చి కూర్చుంది.

చెమట కళ్లలోకి కారింది. అలవాటుగా తాత చెయ్యి భుజం మీదకు పోయి, ఖాళీ భుజాన్ని తడిమి, అక్కడే నిలిచిపోయింది.

పండగ రోజు. బండి కడగడం. క్యాబిన్ వెనక నిలువుగా ఉన్న గాలి గొట్టంలోకి నీళ్లు పోకుండా మూతికి గుడ్డ కుక్కడం. ప్రతి ఏడూ చేసే పనే. ప్రతి ఏడూ ఏదో పాత గుడ్డ కుక్కి, కడిగాక తీసేస్తాడు. ఈ ఏడు చేతికి అందింది...

"సామీ!" అన్నాడు తాత, ఎవరికీ వినబడనంత మెల్లగా.

టైరు మీద కాలు పెట్టి ఎక్కి చూశాడు. మూతి దగ్గర ఏమీ లేదు. ఇంజన్ దాన్ని లోపలికి పీల్చేసుకుంది. ఫిల్టర్ డబ్బా పై క్లిప్పులు విప్పి, గొట్టంలోకి చెయ్యి దూర్చాడు. గొట్టం గొంతుకు అడ్డంగా ఏదో ముద్దయి కూర్చుని ఉంది. లాగితే ఎర్ర తుండుగుడ్డ జానెడు జానెడుగా బయటికొచ్చింది.

నల్ల పొగ మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది. తిండి ఎక్కువైనా నలుపే, ఊపిరి అందకపోయినా నలుపే. తాత మొదటి మాట విని, రెండో మాట వినలేదు. ఊపిరాడక గిలగిల్లాడుతున్నదాన్ని పట్టుకుని, అజీర్తి అని పస్తులు పెట్టాడు.

గుడ్డను లుంగీలో దాచేద్దామని ఒక్క క్షణం అనిపించింది. తిరిగి చూస్తే చెంగమ్మ వెనకే నిలబడి ఉంది.

"దొరికిందా నాయనా, తుండుగుడ్డ?" అంది.

తాత తల దించుకున్నాడు. ఆమె నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. గుడ్డ లాక్కుని, ఆయన మొహం మీది చెమటను దానితోనే గట్టిగా తుడిచింది. మొహమంతా దుమ్మయింది. "ఎక్కు, టైమయిపోతా ఉండాది."

ఈసారి తొక్కితే పొగ కనబడనే లేదు. ఇన్‌స్పెక్టరు యంత్రం అంకె చూసి, బండి చూసి, తాత మొహం చూసి, "ఏం చేసినావయ్యా?" అన్నాడు. "ఊపిరి ఇచ్చినాను సార్" అన్నాడు తాత, ఎప్పటిలా మీసం దువ్వుకోకుండా.

కాగితం చేతికొచ్చింది గానీ, బిగించిన మర అలాగే ఉంది. నిండు ట్యాంకుతో ఆ బండి వంతెన ఎక్కదు. స్పానరు తాత చేతిలోనే ఉంది. ఎంత బిగించాడో ఆయనకే గుర్తు లేదు. ఇంకోసారి తన వేళ్లను నమ్మడానికి మనసు రాలేదు.

"పెరంబూరుకు పోనీ మే" అన్నాడు చెంగమ్మతో.

సుందర్‌రాజ్ కొట్టు ముందు బండి ఆగింది. తాత దిగి, నలిగిన తుండుగుడ్డను అతని బల్ల మీద పెట్టాడు. సుందర్‌రాజ్ దాన్ని చూశాడు, వాసన చూశాడు, పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటూ గోడ వైపు తిరిగాడు.

"నవ్వుకోరా, నవ్వుకో" అన్నాడు తాత. "నవ్వినాక మర నువ్వే పెట్టు. నేను తాకను."

తాత తాకనన్న పంపును ఇప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. సుందర్‌రాజ్ నవ్వు మరిచిపోయాడు. స్పానరు తీసుకుని మర వదులు చేసి, బండి వెనక్కి నడిచి సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తాత చెంగమ్మను పక్కకు జరగమని డ్రైవరు సీట్లో కూర్చుని, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాడు.

"ఊఁ, తొక్కన్నా" అని వెనక నుంచి వినిపించింది.