తువ్వాళ్ళు తీసిన మధ్యాహ్నం

రహదారి పక్కనున్న ఆ విశ్రాంతి కేంద్రానికి పర్యవేక్షకురాలుగా నియమితురాలైన నాటినుండి ఆమెను పదవి పేరుతో పిలిచినవారు లేరు. ఆమె మరిది లారీ డ్రైవరు. అతడు గేటు దాటీ దాటకముందే "వదినా!" అని కేక వేసేవాడు. అది విని పక్క బండివాడు, ఆ పక్క బండివాడు కూడా అలాగే పిలవనారంభించారు. గడ్డం నెరసిన డ్రైవర్లు సైతం "వదినా, కుళాయిలో నీళ్ళు రావట్లేదు" అంటూ వచ్చి నిలబడేవారు. మొదట్లో ఆమె ముఖం చిట్లించుకునేది. పోనుపోను, ఎవరైనా "మేడం" అంటే వెనుక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసే స్థితికి వచ్చింది.

ఆమె భర్త కూడా లారీయే నడిపాడు. ఎదురుగా ఏ వాహనమూ లేని తిన్నని రోడ్డుమీద, పట్టపగలు, కునుకు పట్టి వంతెన గోడను గుద్దాడు. రాత్రి ఆగినచోట హెడ్‌లైట్ల వెలుగుకు, హారన్ల మోతకు రెప్ప వాలలేదని బయలుదేరే ముందు ఫోనులో ఆమెతో చెప్పి ఉన్నాడు. అందుచేత, కొత్త విశ్రాంతి కేంద్రాల ప్రణాళికా సంఘంలోకి డ్రైవర్ల కుటుంబాల తరఫున ఆమెను తీసుకున్నప్పుడు, ఆమె కోరినది ఒక్కటే. లారీలు నిలిపే వైపు గోడకు తలుపుగాని కిటికీగాని ఉండరాదు. వెలుగూ చప్పుడూ లోపలికి చొరబడరాదు. ప్లాను గీసిన ఇంజనీరుగారు ఒక చిన్న కిటికీ అయినా ఉంచుదామని నచ్చజెప్పబోయారు. ఆమె పట్టిన పట్టు విడవలేదు. గోడ ఆమె చెప్పినట్టే లేచింది.

హాలు చల్లగా, చీకటిగా, సూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉండేది. మంచాలమీద పరచిన దుప్పటి మాత్రం నలిగేది కాదు. డ్రైవర్లు వచ్చి, స్నానం చేసి, టీ తాగి, తిన్నగా వెళ్ళి తమ బండి కిందనే చాప పరచుకునేవారు. ట్యాంకులోని డీజిలు తోడేసేవారు, తాళ్ళు కోసి సరుకు లాగేవారు పొంచి ఉండే వృత్తిలో, బండి కనబడనిచోట వారికి నిద్ర రాదు. ఇది ఆమె ఎరుగనిది కాదు. రెండు నెలలు పోతే వారే అలవాటు పడతారని మనసుకు సర్దిచెప్పుకున్నదే తప్ప, గోడ విషయంలో తాను పొరపడ్డానని ఒప్పుకోలేదు.

బండి కింద పడుకునేవారికి ఒక కట్టుబాటు ఉంది. పడుకోబోయే ముందు తన తువ్వాలును డ్రైవరు వైపు తలుపు పిడికి ముడివేస్తాడు. కింద మనిషి ఉన్నాడు, బండి కదపవద్దు అని దాని అర్థం. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపే బండికి ఇది మరీ ముఖ్యం. ఒకడు నిద్రలో ఉండగా రెండవవాడు స్నానానికో టీకో వెళ్ళి వస్తాడు. వచ్చినవాడు ముందు చూసేది ఆ పిడినే.

హాలు ఖాళీగా పడి ఉంటున్నదన్న ఫిర్యాదుమీద ఆనాడు చీఫ్ ఇంజనీరుగారు స్వయంగా తనిఖీకి రావలసి ఉంది. ఉదయంనుండి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. అంతలో మరిది మొదటి వరుసలో బండి నిలిపి దిగాడు.

"ఏం వదినా, పెద్దసారు వస్తున్నాడటగా? ఆయన్నే పడుకోమను నీ హాల్లో. ఒక్క మంచమైనా నిండుతుంది."

"నోరు కాస్త అదుపులో పెట్టుకో. ఇవాళొక్కరోజు లోపల పడుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"బండే పోతుంది. లేచేసరికి నాలుగు చక్రాలు మిగిలితే అదృష్టం."

"మీ అన్నకి ఇలాంటి హాలు దొరికుంటే..." అని ఆమె అర్ధోక్తిలో ఆగిపోయింది.

మరిది ముఖంలోని నవ్వు తగ్గింది. "సాయంత్రం బయల్దేరాలి వదినా. కాసేపు పడుకోనీ" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. జంటగా నడిపే సహచరుడు, గొంతునుబట్టి అందరూ బొంగురన్న అని పిలిచే పెద్దమనిషి, అప్పటికే సబ్బు పట్టుకుని స్నానాలగది వైపు నడుస్తున్నాడు.

ఆ వారమే పనిలో చేరిన ఊడ్చే ఆవిడను ఆమె పిలిచింది. పని మొదలుపెడితే దుమ్ముతోపాటు మనుషులు కూడా లేచిపోవలసిందే గనుక ఆవిడకు తుఫాను అన్న పేరు అప్పుడే స్థిరపడింది.

"చూడు, బయట గుడ్డ అన్నది ఎక్కడా వేలాడకూడదు. వచ్చేవాళ్ళకి ఇది చాకిరేవులా కనబడకూడదు."

కమ్మీలమీద ఆరవేసిన చొక్కాలూ లుంగీలూ ఆమె ఉద్దేశం. ఆ మాట విడమరచి చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమె హాలుకు విడిగా గేటు పక్కనున్న ఆఫీసుగదిలో కుర్చీలు సర్దుతుండగా ఇంజనీరుగారు హడావుడిగా వచ్చి మైకు అందుకున్నారు. చీఫ్‌గారి బృందం మొదటి వరుసలో కొలతలు తీసుకుంటుందట. ఆ వరుస ఖాళీ కావాలట.

"మొదటి వరుస లారీలన్నీ వెంటనే చివరి వరుసలోకి మార్చాలి. వెంటనే" అని ఆయన రెండుసార్లు చెప్పారు. టీ దుకాణం దగ్గర కూర్చున్నవారు విసుక్కుంటూ లేచారు.

సరిగ్గా అప్పుడే తుఫాను నిండు బకెట్టుతో గుమ్మంలో ప్రత్యక్షమైంది. ముఖం వెలిగిపోతున్నది.

"అక్కా, మొత్తం ఊడబెరికేశా. ఒక్క పీలిక మిగిల్తే నన్నడుగు. కొందరు ఎంత గట్టిగా ముళ్ళేశారో, గోళ్ళు విరిగాయనుకో. వీటిని ఉతకనా, ఓ మూల పడెయ్యనా?"

బకెట్టులో ఉన్నవన్నీ తువ్వాళ్ళే. పైన ఉన్నది మరిదిది.

ఆమె గబుక్కున కిటికీలోనుండి చూసింది. మొదటి వరుసలో ఒక్క పిడికీ ముడి లేదు. వరుసంతా తుడిచిపెట్టినట్టు శుభ్రంగా ఉంది. ఒక ఇంజను మొదలయింది. ఆ వెనుకనే మరొకటి.

అగ్నిప్రమాద గంట మోగిస్తే? చేయి గంటదాకా పోయి వెనక్కి వచ్చింది. మంటలంటే ఎవడి బండిని వాడు ముందుగా బయటికి లాగుతాడు.

"సార్, మైకివ్వండి."

"ఒక్క నిమిషమమ్మా, చీఫ్‌గారు బయల్దేరారట..."

ఆమె ఆయన చేతిలోనుండి మైకు లాక్కున్నది. యార్డుల్లో పాతకాలం డ్రైవర్లు వేసే కేక ఒకటి ఉంది. ఆమె భర్త నోట ఎన్నోసార్లు విన్నది.

"కింద మనిషి! కింద మనిషి! ఎవరూ గేరు వెయ్యొద్దు! ఇంజన్లు ఆపండి!"

చివరనుండి ఒక్కొక్క ఇంజనూ గొంతు నొక్కినట్టు ఆగిపోతూ వచ్చింది. ఒక్కటి ఆగలేదు. అది మరిది బండి. క్యాబిన్‌లో బొంగురన్న ఉన్నాడు. అద్దాలు బిగించి ఉన్నాయి. తల లోపల మోగుతున్న పాటకు అనుగుణంగా ఊగుతున్నది.

ఆమె పరుగెత్తింది. మోకాలు నొప్పి ఉన్నదన్న సంగతే గుర్తు రాలేదు. సగం దూరంలో ఉండగా బ్రేకు వదిలిన గాలి బుస్సుమన్నది. బంపరుకు ఆనుకుని నిలబడితే పైనున్నవాడికి తాను కనబడనని ఎరిగినది గనుక, కొంచెం ఎడంగా, బండికి ఎదురుగా, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. బండి ఆమెమీదికి కదిలింది. ఆమె కదలలేదు. బొంగురన్న నోరు తెరుచుకోవడం అద్దంలోనుండి కనబడింది. బండి ఒక్క కుదుపుతో ఆగింది.

కిందినుండి ఏ శబ్దమూ రాలేదు. ఆమె నేలమీద పడి చూసింది. మరిది వెల్లకిలా ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెనుక చక్రం చాప అంచును, అతడి చొక్కా చేతిని నేలకేసి నొక్కిపట్టి ఉంది.

"వదినా," అన్నాడు ఊపిరి మాత్రమే మిగిలిన గొంతుతో, "కదలనా, వద్దా?"

"కదలకు. చెయ్యి?"

"ఉంది. చొక్కాయే ఇరుక్కుపోయింది."

ఆమె లేచి, తాను ఎన్నడూ ఎరుగని నెమ్మదితో చెప్పింది. "ముందుకొద్దు, వెనక్కొద్దు. ఇంజను ఆపి, బ్రేకు వేసి, తాళం తీసుకుని దిగు అన్నా."

ఎవరో కత్తి తెచ్చి చొక్కా చేతిని కోశారు. మరిది పాకుతూ బయటికి వచ్చాడు. పక్క బళ్ళ కిందినుండి మరి ఇద్దరు కళ్ళు నులుముకుంటూ లేచి, అందరూ తమవైపు ఎందుకు అలా చూస్తున్నారో తెలియక నిలబడ్డారు. బకెట్టుతోనే వెనుక పరుగెత్తుకొచ్చిన తుఫాను దాని పక్కన కూలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది.

బొంగురన్న మెట్టుమీదనే కూర్చుండిపోయాడు. "తువ్వాలు లేదు వదినా. హాల్లో పడుకున్నాడనుకున్నా. మొదటిసారి నీ మాట విన్నాడనుకుని సంతోషించా కూడా."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బకన్న గట్టిగా తగిలింది. తుఫాను భుజం తట్టి, "నీ తప్పేం లేదు. సగం సగం చెప్పింది నేను" అన్నది.

మరిది చాప చుట్టబోయాడు. "నిద్రా గిద్రా వద్దు వదినా. బయల్దేరిపోతాం."

"స్టీరింగు ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. ఇందాక చక్రం కింద పడకుండా మిగిలిందే ఆ చెయ్యి."

"అయితే నీ హాల్లోకే తోస్తావా?"

ఆమె హాలు వైపు చూసింది. ఎత్తైన ఆ గుడ్డిగోడ నీడ లారీల దాకా పరచుకుని ఉంది. అక్కడ నిలబడిన డ్రైవర్లను పిలిచి, లోపలినుండి మంచాలు తెమ్మన్నది. వారు వెళ్ళి, దుప్పట్లతో సహా మోసుకొచ్చి గోడ నీడలో వేశారు. మరిది మంచంమీద పక్కకు తిరిగి, తన బండి వైపు ముఖం పెట్టి పడుకున్నాడు. చాలాసేపు కళ్ళు మూతపడలేదు. ఆమె కుర్చీ వేసుకుని, బండి తాళం గుప్పిట్లో పెట్టుకుని తలాపున కూర్చున్నది. ఎప్పుడో అతడి శ్వాస బరువెక్కింది. మిగతా మంచాలమీద మరికొందరు డ్రైవర్లు తమ బళ్ళ వైపు తిరిగి నిద్రపోయారు.

చీఫ్ ఇంజనీరుగారు బృందంతో అటు వచ్చేసరికి హాలులో మంచాలు లేవు. బయట నిద్రిస్తున్న మనుషులు ఉన్నారు. ఆయన గోడను కిందినుండి పైదాకా చూసి, "ఇటువైపు ఒక్క కిటికీ కూడా లేకుండా కట్టమన్నది ఎవరయ్యా?" అని గట్టిగా అడిగారు. ఇంజనీరుగారు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

ఆమె కుర్చీలోనుండి లేవలేదు.

"నేనేనండీ. ఎక్కడ పగలగొట్టాలో కూడా నేనే చూపిస్తా. కాస్త మెల్లగా మాట్లాడండి సార్, ఇప్పుడే నిద్ర పట్టింది."