అక్క తయారుచేసుకున్న రేసు సైకిలు

నా చిన్నప్పుడు, పినపాకలో మా పక్కింటి అక్క తన చేతులతో ఒక రేసు సైకిలు తయారుచేసుకుంది. వాళ్ల నాన్న బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన హైదరాబాదు నుంచి పాత ఫ్రేము కొనుక్కొచ్చాడు. చక్రాలు, బ్రేకులు, గేర్లు ఏడాది పాటు ఒక్కొక్కటిగా సమకూరాయి. ఖమ్మంలో జిల్లా సైకిలు పందేల జట్టుకు ఎంపిక పోటీలు పెడుతున్నారు. వయసు లెక్కన అక్కకు అదే ఆఖరి ఏడు.

చివరికి డిరైలర్ ఒక్కటే మిగిలింది. గేరు మార్చినప్పుడు గొలుసును ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి నెట్టే పరికరం అది. ఆదివారం చర్చి నుంచి రాగానే అక్క సైకిలును వరండా దూలానికి వేలాడదీసి, వెనక చక్రం పక్కన ఫ్రేముకున్న చెవికి దాన్ని బిగించింది. గేరు తీగ లాగి కట్టింది. తర్వాత దాని మీదున్న రెండు చిన్న స్క్రూలను కొంచెం కొంచెంగా తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. గొలుసు ఎక్కడ ఆగాలో వాటితోనే కుదురుతుందట. పెడలు తిప్పే పని నాకిచ్చింది. పదేళ్ల పిల్లని, అంత మాత్రానికే పొంగిపోయాను.

"గీ స్క్రూల జోలికి మాత్రం పోకు చెల్లె," అని చెప్పి అక్క అన్నానికి లోపలికెళ్లింది.

పెద్ద పళ్ల చక్రం ఎక్కడానికి గొలుసు మొరాయిస్తున్నట్టు నాకనిపించింది. సాయం చేద్దామనే ఒక స్క్రూను రెండు చుట్లు వదులు చేశాను. గొలుసు చటుక్కున ఎక్కింది. వద్దన్న పని చేశానన్న భయంతో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున మణుగూరు రోడ్డు ఎత్తు ఎక్కుతూ అక్క గేరు మార్చింది. గొలుసు పెద్ద పళ్ల చక్రాన్ని దాటి వెనక చక్రం చువ్వల్లో పడింది. దాని వెంటే డిరైలర్ కూడా చక్రంలోకి పోయి ముక్కలైంది, ఫ్రేము చెవి తెగిపోయింది. మోచేతులు చెక్కుకుపోయిన అక్క సైకిలును భుజాన మోసుకుంటూ ఇంటికొచ్చింది.

వాళ్ల నాన్న ఎస్టీడీ బూతుకెళ్లి హైదరాబాదుకు ఫోను చేసి వచ్చాడు.

"సామాను రావాల్నంటె నాలుగు రోజులు పడ్తదంట బిడ్డా. పోటీ ఎల్లుండే గదా," అని వరండాలో కూలబడ్డాడు. పాత ఫ్రేము తెచ్చి బిడ్డ గొంతు కోశానని తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాటలు వినలేక ఏడుస్తూ నేను చేసింది చెప్పేశాను.

ఆయన నా వైపు చూసి, చిన్నపిల్ల, దానికేం తెలుసన్నాడు. అక్క మాత్రం గొంతు పెంచకుండా, "అవ్ చెల్లె, నీవల్లనే పోయింది. ఫ్రేముది తప్పు గాదు నాయినా," అంది. కాసేపటికి నన్ను పిలిచింది. "ఇటు రా. గా స్క్రూ ఏం జేస్తదో చూడు." విరిగిన ముక్కను నా చేతిలో పెట్టి, నాకు పూర్తిగా అర్థమయ్యేదాకా చూపించింది. పర్వాలేదని అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు.

పోటీలు జరిగిపోయాయి. ఆ సైకిలును మళ్లీ ఎవరూ బాగుచేయలేదు. మరుసటేడు అక్క ఖమ్మంలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది.

నేనిప్పుడు భద్రాచలంలో ఒక దవాఖానాలో కొత్త నర్సులకు పని నేర్పుతాను. పొరపాటు చేసి ఏడుస్తూ వచ్చిన పిల్లకు పర్వాలేదని చెప్పడం నాకు చేతకాదు. తప్పు నీదేనని చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా చేయాలో చూపిస్తాను. అక్క నుంచి నాకు వచ్చింది అదే. ఆమె నన్ను క్షమించిందో లేదో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఎప్పుడైనా బస్సులో ఎదురుపడితే పిల్లల చదువుల గురించి అడుగుతుంది, నేను జవాబు చెబుతాను, అంతే.